వేట పోయింది, విద్య మిగిలింది

ఫౌజులో చేరిన ప్రతివాడికీ రైఫిల్ పట్టడం వచ్చు. కానీ షాట్‌గన్ చేతికిస్తే మనలో చాలామందిమి తడబడతాం. ఊపిరి బిగబట్టి, ఫోర్‌సైట్ మీద చూపు నిలిపి, ట్రిగ్గర్ మెల్లగా నొక్కమని మన ఉస్తాద్‌లు నేర్పారు. షాట్‌గన్‌కి మామూలుగా వెనక సైట్ ఉండదు, మన కన్నే వెనక సైట్. చూపేమో ఎగిరే లక్ష్యం మీదే ఉండాలి. కాబట్టి తుపాకీ ఎత్తిన ప్రతిసారీ చెంపకీ భుజానికీ ఒకే చోట వచ్చి ఆనాలి. దీన్నే మౌంటింగ్ అంటారు.

ఇది పక్షుల వేటలో పుట్టిన విద్య. పొదలోంచి పిట్ట ఎప్పుడు లేస్తుందో తెలియదు గనుక వేటగాడు తుపాకీ దించి నడిచేవాడు, లేవగానే ఎత్తేవాడు. లండన్‌లో తుపాకులు తయారుచేసిన రాబర్ట్ చర్చిల్ దీన్ని ఒక పద్ధతిగా నేర్పాడు. తుపాకీ చెంప దగ్గరికి రావాలి గానీ, తల తుపాకీ మీదికి వంగకూడదు. మౌంటింగ్ తప్పితే పిట్ట గాయపడి ఎక్కడో పొదల్లో పడి యాతన పడుతుంది.

గురి కుదిరినా హద్దు లేకపోతే ఏమవుతుందో భరత్‌పూర్‌లోని కేవలాదేవ్ రాతి ఫలకం చెబుతుంది. 1938 నవంబరు 12న వైస్రాయ్ లిన్‌లిత్‌గో బృందం అక్కడ ఒక్కరోజులో 4,273 పక్షుల్ని కూల్చింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకి పగ్గాలు వేసింది. 1991 సవరణతో అది దాదాపు పూర్తిగా ఆగింది. ఆ చిత్తడి నేలకే 1985లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది.

విద్య మాత్రం పోలేదు. అమెరికాలో చార్లెస్ డేవిస్ అనే వేటగాడు సాధన కోసం మొదలుపెట్టిన మట్టిబిళ్ళల ఆటకి 1926లో స్కీట్ అని పేరు పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా విమాన గన్నర్లకి దీనితోనే తర్ఫీదిచ్చారు. శత్రు విమానం ఉన్నచోట కాదు, ఉండబోయే చోట కాల్చాలి కదా! 1968లో ఇది ఒలింపిక్స్‌కి ఎక్కింది. ట్రాప్‌లో తుపాకీని ముందే భుజానికి ఆన్చుకోవచ్చు. స్కీట్‌లో అలా కుదరదు. నడుము దగ్గర పట్టుకుని, బిళ్ళ కనబడ్డాకే ఎత్తాలి. పిలిచాక బిళ్ళ వెంటనే రావచ్చు, మూడు సెకన్ల లోపు ఎప్పుడైనా రావచ్చు. అచ్చం పొదలోంచి లేచే పిట్టలాగే!

మనవాళ్ళూ తక్కువేం కాదు. బికనీర్ మహారాజా కర్ణీసింగ్ 1962లో కైరో ప్రపంచ పోటీల్లో ట్రాప్ రజతం తెచ్చారు. 2004 ఏథెన్స్‌లో మన ఆర్మీ మేజర్ రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ డబుల్ ట్రాప్‌లో రజతం గెలిచారు. మన హైదరాబాదు నుంచి కైనన్ చెనాయ్ 2016 రియో ఒలింపిక్స్‌లో ట్రాప్ ఆడారు.

నేర్చుకునేవారికి నేను చెప్పేది ఒక్కటే. ముందు చాంబర్ ఖాళీ అని రెండుసార్లు చూసుకోండి. బ్యారెల్‌ని మనుషులు లేని వైపు ఉంచండి. కళ్ళు మూసుకుని మౌంట్ చేసి, తర్వాత తెరవండి. బ్యారెల్ కొసనున్న పూస సూటిగా కంటి ఎదుట ఉంటే సరే. లేకపోతే తల కదపకుండా మళ్ళీ మొదలుపెట్టండి. రోజుకి ఇరవైసార్లు చాలు. రిటైరైన మిత్రులు మీ దగ్గర్లో రేంజ్ ఉంటే పిల్లల్నీ తీసుకెళ్ళండి. అక్కడ పగిలేవి మట్టిబిళ్ళలే.