అరగని హాలీ సిక్కా

హిజ్రీ 1337, అంటే 1918-19 నాటి ఉస్మానియా రూపాయి ఈమధ్య మా చేతికొచ్చింది. వెండి కాస్త నల్లబడింది గానీ ఒక్క హర్ఫ్ కూడా చెదరలేదు. చార్మినార్ ద్వారంలో ఉస్మాన్ పేరులోని 'ఐన్' నిలబడే ఉంది. 'జర్బ్ హైదరాబాద్' స్పష్టంగా ఉంది. అబ్జద్ లెక్కలో ముహమ్మద్ నామాన్ని చెప్పే 92 అంకె కూడా ఉంది. ఎవరినీ అడక్కుండా ఇదంతా చదువుకున్నాం. ఈద్ నాటంత ఖుషీ!

ఇలాంటివి సుమారు ఏడిస్తే ఆరు ఇంగ్లీషు రూపాయలు వచ్చేవి. 1948లో రాజ్యం పోయినా హాలీ సిక్కా చెల్లింది. 1959లో పూర్తిగా రద్దయింది.

దీన్ని చూపిస్తే 'మీ నవాబుల సొమ్మేగా' అంటారు. మా తాతలు నవాబులు కారు. జట్కాలు తోలారు, దూది ఏకారు. రూపాయి ఇంత కొత్తగా మిగిలిందంటే ఏ దేవిడీ సందూకులోనో పడుకుని ఉండాలి. మావాళ్ల చేతుల్లో, దళిత కూలీల చేతుల్లో, సంతల్లో తిరిగిన రూపాయలు అరిగిపోయాయి. వాటిని ఎవరూ దాచలేదు.

ఈ సిక్కా మాది కూడా. భద్రంగా దాచుకుంటాం, మురిసిపోతాం. హైదరాబాద్ చరిత్ర రాసేవాళ్లను మాత్రం అరిగిపోయిన రూపాయల లెక్క అడుగుతూనే ఉంటాం.