తాత జావా, ఆరు వోల్టుల కథ

మైసూరు యాదవగిరిలో ఐడియల్ జావా ఫ్యాక్టరీ నుంచి 1961లో బళ్లు రావడం మొదలైంది. చెక్ దేశపు డిజైనే. 1973 నుంచి పేరు యెజ్డీ అయింది, 1996లో ఫ్యాక్టరీయే మూతపడింది. మా తాత కొన్నది పాత పేరుదే, 250 సీసీ జావా.

పోయినేడు దానికి ముచ్చటపడి రంగు వేయించినాము. ఆ తర్వాత పగలు బాగానే పోయేది. రాత్రి లైటు వేస్తే చాలు, మిస్సింగ్ మొదలు. కార్బురేటరు విప్పినాము, ప్లగ్గు మార్చినాము, పాయింట్ల గ్యాపు 0.4 మి.మీ.కు సరిచేసినాము. ఊహూఁ. "అమ్మేయండిరా దాన్ని" అనేసినాడు నాయన.

ఆ బండిలో కరెంటంతా 6 వోల్టులే. నిప్పురవ్వ పుట్టించే కాయిలుకూ, హెడ్‌లైటుకూ ఒకటే బ్యాటరీ. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు డైనమో ఇచ్చేది చాలదు, భారమంతా బ్యాటరీ మీదే పడుతుంది. వైర్లలో ఒక్క వోల్టు పోయినా ఆరో వంతు పోయినట్టే కదా! లైటు వేసి మీటరు పెడితే, బ్యాటరీ ఎర్త్ కొసకూ ఇంజనుకూ మధ్యే ఒక వోల్టుకు పైన చూపించింది. ఎర్త్ వైరు బిగించిన చోట, ఫ్రేము మీద, మా కొత్త రంగు.

12 వోల్టులకు మార్చేయమని చాలామంది చెప్పినారు. మేము ఒప్పుకోలేదు, మార్చితే అది తాత బండి ఎట్లా అవుతుంది? ఉప్పుకాగితంతో రంగు గీకి, ఇనుము తేలినాక వైరు బిగించినాము.

ఆ రాత్రి నాయనే లైటు వేసుకొని చాముండి కొండ దాకా పోయి వచ్చినాడు. తాళంచెవి మాకు తిరిగి ఇవ్వలేదు.