టెలిఫోను గంట – తెలుగు చెవి

ఉగాది సంచికకు చరిత్ర వ్యాసం వ్రాయుడనగానే రాయలవారినో నాయకరాజులనో తలచుకొనడం పరిపాటి. ఈసారి మేము అంత దూరం పోవడం లేదు. ఇంటింటా మ్రోగే టెలిఫోను గంటను గూర్చీ, ఆ మ్రోతకు పెట్టుకున్న మాటలను గూర్చీ నాలుగు ముక్కలు విన్నవించదలచినాము. విషయం చిన్నదిగా కనుపించవచ్చు. కాని పొరుగుసీమలో తరతరాలుగా కాపురమున్న మనలో తెలుగు ఎక్కడ నిలిచి వున్నదో తెలియడానికి ఇంతకంటె దగ్గర సాక్ష్యం మాకు దొరకలేదు.

అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1876లో టెలిఫోనుకు పేటెంటు పొందిన నాటికి దానికి గంట లేదు. అవతలివారిని పిలువవలెనంటే యంత్రంలోకి కేక వేయడమో, దాని పలకమీద తట్టడమో చేసేవారు. ఆయన సహాయకుడు థామస్ వాట్సన్ 1878లో గంటను అమర్చే ఉపాయం చేసినాడు. రెండు చిన్న లోహపు గిన్నెలు, వాటి నడుమ ఒక చిట్టి సుత్తి. సెకనుకు సుమారు ఇరవైమార్లు అటూ ఇటూ మారే విద్యుత్తు తీగలో పారితే ఆ సుత్తి రెండు గిన్నెలనూ మార్చి మార్చి కొడుతుంది. దెబ్బకూ దెబ్బకూ ఎడం తెలియనంత వేగం గనుకనే, టంగుమనవలసిన గంట ట్రింగుమన్నది.

మన దేశంలో 1881లో ఓరియంటల్ టెలిఫోను కంపెనీకి అనుమతి లభించగా, 1882 నాటికి కలకత్తా, బొంబాయి, చెన్నపట్టణాలలో ఎక్స్ఛేంజీలు వెలసినవి. చెన్నపట్టణంలో అది నెలకొన్న చోటు ఎర్రబాలు చెట్టి వీథి. వీథి పేరే తెలుగు పేరు! గంట మ్రోగే తీరును మాత్రం మనం ఇంగ్లీషువారి పద్ధతినుండి తీసుకొన్నాము. సెకనులో పదింట నాలుగు వంతుల సేపు మ్రోత, రెండు వంతుల విరామం, తిరిగి నాలుగు వంతుల మ్రోత, ఆపై రెండు సెకన్ల మౌనం. అమెరికాలో అట్లా కాదు. రెండు సెకన్లు ఏకబిగిని మ్రోగి, నాలుగు సెకన్లు ఊరకుంటుంది. కనుక మన చెవిని పడినది జంట మ్రోత. మాటను జంటగా పలకడం తెలుగుకు పుట్టుకతో వచ్చిన విద్య. అట్లా రెండుసార్లు పలికిన మాటలో రెండవదానికి ఆమ్రేడితమని పేరు. చెన్నపట్టణంలో పంతులుగా వుండిన పరవస్తు చిన్నయసూరి తన బాలవ్యాకరణంలో దానికి సూత్రాలు చేసినాడు. ఒక్క మారు మ్రోగితే ట్రింగుమన్నది, ఆగక మ్రోగితే ట్రింగుట్రింగుమన్నది. కొత్త యంత్రం వచ్చినా అచ్చు పాతదే.

ఆ అచ్చులో మనకు ఎన్ని మాటలు! గుడిగంట గణగణ, గడియారం టంగుటంగు, గజ్జెలు ఘల్లుఘల్లు, చిల్లర గలగల, కంచుపాత్ర ఖంగుమను. ఇంకొక విశేషం గమనించండి. బయటి ధ్వనికీ లోపలి భయానికీ తెలుగులో ఒకటే పోత. గజ్జె ఘల్లుమంటుంది, గుండె ఝల్లుమంటుంది. తలుపు దడదడలాడుతుంది, గుండె కూడా దడదడలాడుతుంది.

ట్రంకు కాళ్ళ కాలంలో వలస కుటుంబాలకు ఈ వ్యాకరణం అనుభవానికి వచ్చినది. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగు అని మూడు తరగతులు. కాలు బుక్కు చేసి గంటల తరబడి కాచుకొనడం. ఎక్స్ఛేంజిలో ఆపరేటరు మీట నొక్కినంతసేపూ ఇక్కడ గంట మ్రోగేది. జంట మ్రోత తప్పి ఏకధాటిగా మ్రోగినదంటే అది దూరపు పిలుపు. అర్ధరాత్రి అట్లా మ్రోగితే స్వగ్రామంలో ఎవరికో ప్రాణంమీదికి వచ్చినదనే అర్థం. గంట ఒకటే గాని, వీథిలోని వర్తకునికి అది బేరం. మనకు అది కబురు.

1960లో కాన్పూరు, లక్నోల నడుమ ఆపరేటరు అవసరంలేని ఎస్.టి.డి. మొదలైనది. 1995లో సెల్‌ఫోను వచ్చినది. ఆ తరువాత మనవారికి అలవడిన కొత్త భాష మిస్డ్ కాల్. ఒక మ్రోత మ్రోగించి ఆపితే 'క్షేమంగా చేరినాము', రెండు మ్రోగిస్తే 'నీవే చెయ్యి'. మాట ఖర్చు లేకుండా మ్రోతకే అర్థం కట్టినాము.

ఇక మన చుట్టూ వున్న భాషలను వినండి. కన్నడంలో ఫోను 'రింగణిసితు' అంటారు. రింగణమంటే వారికి నృత్యం కూడా. తమిళ రచయితల సెల్‌ఫోను 'సిణుంగుతుంది', అనగా పసిబిడ్డ రాగం తీసినట్లు. మరాఠీలో 'ఫోన్ ఖణఖణలా'. షోలాపురపు తెలుగు చెవికి కణకణ అంటే నిప్పులు! ఒడియాలో వట్టిగా 'బాజిలా'. 1954 దాకా యానాన్నేలిన ఫ్రెంచివారి పుస్తకాలలో గంట 'డ్రింగ్' అంటుంది. మ్రోత ఒకటే, వినే చెవులు వేరు. ఆ చెవినే మనం భాష అంటాము.

మా భయం ఇక్కడనే వున్నది. నేటి ఫోనులో గిన్నెలూ లేవు, సుత్తీ లేదు. ఎవరికి నచ్చిన పాట వారికి మ్రోగుతుంది. ట్రింగుమనే మాటకు ధ్వని పోయినది. మన పిల్లలు చదివేది కన్నడమో, తమిళమో, మరాఠీయో, ఒడియానో, ఇంగ్లీషో. తెలుగక్షరాలు రాని మనుమడికి తెలుగు వచ్చే దారి చెవి ఒక్కటే, ఆ చెవిలో తెలుగు పలికేది చాలా ఇండ్లలో దూరాననున్న అమ్మమ్మ ఫోనే. ఒకనాడు గుండె ఝల్లుమనిపించిన ఆ యంత్రమే నేడు మన వీథిబడి అయినది.

కనుక ఈ పండుగనాడు ఫోను మ్రోగినప్పుడు పెద్దలు తీసుకొనక, పిల్లల చేతికి ఇవ్వండి. గుడిగంట ఎట్లా మ్రోగినదో, గజ్జెలు ఎట్లా మ్రోగినవో, పచ్చడికి పోపు ఎట్లా చిటపటలాడినదో అమ్మమ్మకు చెప్పమనండి. ఆ మాటలు పుస్తకం లేకుండానే వస్తవి, నోట పలికితేనే నిలుస్తవి. కొత్త సంవత్సరంలో మన యిండ్లలో మ్రోగే ప్రతి గంటా శుభవార్తనే తెచ్చుగాక!