ఖరగ్‌పూరునకు ఇనుము వచ్చిన దారి

1887లో ఏర్పడిన బెంగాల్–నాగపూరు రైల్వే కంపెనీకి పట్టాలు ఇచ్చటివి, పాలకవర్గము లండనుది. ఖరగ్‌పూరు కర్మాగారమున ఒక ఇంజను భాగము విరిగినచో, దాని బదులు సముద్రము దాటి రావలసియుండెను. 1914లో యుద్ధము రాగా ఆ దారి ఇరుకైనది. బ్రిటిష్ కర్మాగారములు ఆయుధములకు మరలినవి, ఓడలు కరవైనవి. పట్టాలు వచ్చుట మాట అటుంచి, మన పట్టాలే మెసపొటేమియాకును తూర్పు ఆఫ్రికాకును తరలిపోయినవి!

ఈ రైలుమార్గమునందే సాక్చిలో టాటావారు 1912లో ఉక్కు తీసియుండిరి. యుద్ధమున ఆ పట్టాలు ఆదుకొన్నందులకే 1919లో సాక్చికి జంషెడ్‌పూరు అను పేరు వచ్చెను.

ఇంజనుల సంగతి వేరు. 1929 తరువాత సైతము 230 టన్నులు మించిన గారట్ ఇంజనులు మాంచెస్టరు నుండియే దిగినవి. వానిని నడుపు బాధ్యత మాత్రము ఇచ్చటి చేతులది. 1902లో వాల్తేరు వరకు గల తీరమార్గము ఈ కంపెనీ క్రిందికి వచ్చినది. ఆ దారిని వచ్చి లేతుల యొద్ద నిలిచిన తెలుగువారు ఎందరో! కొత్త భాగము రానప్పుడు అరిగినదానిని అతికి, చెక్కి, బండిని పట్టాల పైకి పంపుటయే వారి విద్య.

1950 నవంబరు 1న చిత్తరంజన్‌లో 'దేశబంధు' ఇంజను వెలువడెను. దానికిని అనేక భాగములు విదేశములనుండియే వచ్చినవి.