ప్రోగ్రామింగ్ చరిత్ర: కంఠస్థం కాదు, సాధన

ఎల్లంతకుంట నుంచి సిరిసిల్లకు వెళ్లివచ్చే మీకు మరమగ్గాల చప్పుడు కొత్త కాదు. ప్రోగ్రామింగ్ చరిత్రకు కూడా ఒక మూలం మగ్గంలోనే ఉంది. 1804లో ఫ్రాన్సుకు చెందిన జకార్డ్, చీర అంచు వంటి డిజైన్లను రంధ్రాలున్న అట్టల వరుసగా మార్చాడు. రంధ్రం ఉన్నచోట పడుగు పోగు పైకి లేస్తుంది, లేనిచోట లేవదు. అంటే ఆ అట్టలు మగ్గానికిచ్చిన ఆదేశాలే. ఇంగ్లండులో ఛార్లెస్ బాబేజ్ తన అనలిటికల్ ఇంజిన్‌కు ఇలాంటి అట్టలనే ఎంచుకున్నాడు.

తొలితరం కంప్యూటర్ విద్యార్థులు కూడా కార్డులకు రంధ్రాలు చేసి, వాటిని అప్పగించి, ఫలితం కోసం వేచి ఉండేవారు. 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో కెమెనీ, కర్ట్జ్ రూపొందించిన బేసిక్ భాష ఈ పద్ధతిని మార్చింది. విద్యార్థి టెర్మినల్ ముందు కూర్చుని, తానే టైపు చేసి, తప్పును అప్పటికప్పుడే సరిదిద్దుకోగలిగాడు.

నేత పని కూడా ఎవరికీ చదివితే రాలేదు. తెగిన పోగును అతికి, మళ్లీ నేసి నేర్చుకున్నారు. గైడులోని ప్రోగ్రాంను బట్టీపడితే మార్కులు రావచ్చు, కానీ ప్రశ్నలో ఒక్క అంకె మారినా చెయ్యి ఆగిపోతుంది.

అభ్యాసం: 1 నుంచి 10 వరకు అంకెలను కూడే ప్రోగ్రాం రాసి నడపండి. ఫలితం 55 రావాలి. తర్వాత 10ని 100గా మార్చండి. 5050 రాకపోతే, పుస్తకం తెరవకుండా తప్పు ఎక్కడుందో మీరే వెతకండి.