అమెరికా ప్రాసిక్యూటర్లు: ఫీజుల నుంచి జీతం దాకా

అమెరికా కాలనీల్లో నేరాల విచారణకు ప్రభుత్వం తరఫు వకీలును నియమిస్తూ తొలి చట్టం చేసింది కనెక్టికట్, 1704లో. అంతవరకు ఇంగ్లండు ఆనవాయితీ ప్రకారం బాధితుడే కేసు నడుపుకునేవాడు. 19వ శతాబ్దంలో చాలా రాష్ట్రాలు ఈ పదవిని ఎన్నికలకు వదిలాయి. జీతం సంగతి మాత్రం అంతగా పట్టించుకోలేదు. కేసుకింత ఫీజు, కొన్నిచోట్ల శిక్ష పడితేనే ఫీజు. ముద్దాయికి శిక్ష పడటంలోనే వకీలు రాబడి ఉండటం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు. ఫెడరల్ జిల్లా అటార్నీలకు 1896లో కాంగ్రెస్ ఫీజులు తీసేసి జీతాలు పెట్టింది. అయినా వారి ప్రైవేటు ప్రాక్టీసు 1953 దాకా సాగింది. ఆ ఏడాది అటార్నీ జనరల్ బ్రౌనెల్ దాన్ని మానిపించారు.

రాష్ట్రాల్లో చిక్కు ఇంకా పెద్దది. చిన్న కౌంటీ ఇచ్చే కొద్దిపాటి జీతంతో ఇల్లు గడవదు కనుక ప్రాసిక్యూటర్ సొంత కక్షిదారుల కేసులు కూడా చూసుకునేవాడు. దాని ఫలితం వర్జీనియాలో బయటపడింది. భార్యను కొట్టాడని ఒకతనిపై కేసు నడిపిన ప్రాసిక్యూటరే, ఆమె విడాకుల దావాలో ఆమె వకీలు కూడా. ఆస్తి పంపకంలో దిగివస్తే కేసు వదిలేస్తానన్నాడని ముద్దాయి చెప్పాడు. ఇలాంటి వకీలు నడిపిన విచారణ న్యాయమైనది కాదని 1967లో ఫెడరల్ అప్పీలు కోర్టు తీర్పిచ్చింది.

ప్రాసిక్యూటర్ పని పూర్తికాలపు ఉద్యోగంగా ఉండాలని 1971లో అమెరికన్ బార్ అసోసియేషన్ ప్రమాణాలు కోరాయి. జీతం పెంచకుండా ప్రాక్టీసు మానమంటే సమర్థులెవరూ ఆ పదవికి రారు కాబట్టి చట్టాలు ఆ రెంటినీ ముడిపెట్టాయి. టెక్సస్ 1979 చట్టం తన జాబితాలోని ప్రాసిక్యూటర్లకు జిల్లా జడ్జితో సమానంగా రాష్ట్ర ఖజానా నుంచి జీతమిచ్చి, ప్రైవేటు ప్రాక్టీసును నిషేధించింది. వర్జీనియా జనాభాను కొలతగా పెట్టుకుంది: 35,000 దాటిన కౌంటీలో ప్రాసిక్యూటర్ పూర్తికాలం పనిచేయాలి, ప్రాక్టీసు కుదరదు. కెంటకీలో పార్ట్‌టైమ్ ప్రాసిక్యూటర్లు సివిల్ కేసులు చేసుకోవచ్చు, క్రిమినల్ కేసుల్లో ముద్దాయి తరఫున మాత్రం నిలబడరాదు.

కెంటకీది సగం దారిలో ఆగిన ఏర్పాటే. క్రిమినల్ కేసులకు దూరంగా ఉన్నా, వర్జీనియాలో తంటా తెచ్చింది విడాకుల దావాయే కదా. అయినా పూర్తి జీతం భరించలేని చిన్న కౌంటీల్లో పార్ట్‌టైమ్ పద్ధతి పోలేదు. 2007 నాటి ఫెడరల్ లెక్కల్లో దాదాపు 15 శాతం కార్యాలయాలకు పార్ట్‌టైమ్ ప్రాసిక్యూటర్లే అధిపతులు.