బొగ్గుట్ట: ఐతిహ్యం, లిఖిత చరిత్ర

మూతపడిన తొలి గనుల వెంట ఎవరికి వారు వింటూ నడిచే శ్రవ్యయాత్రను ఇల్లెందుకు రూపొందిస్తే, అది ఎక్కడ మొదలుకావాలి? ఈ ఊరికి జనవ్యవహారంలో బొగ్గుట్ట అని పేరు. భద్రాచల యాత్రికులు వంటకు నల్లరాళ్లతో పొయ్యి పెట్టగా ఆ రాళ్లే అంటుకున్నాయని ఐతిహ్యం. భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన విలియం కింగ్ 1871లో బొగ్గును గుర్తించాడని లిఖిత చరిత్ర. 1886లో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ 1889లో తవ్వకం ఆరంభించింది. 1920లో స్థిరపడిన సింగరేణి కాలరీస్ అన్న పేరు పొరుగు గ్రామానిది. ప్రధానమైన బొగ్గు పొర నేటికీ 'కింగ్ సీమ్'. యాత్రికులలో ఒక్కరి పేరూ మిగలలేదు. కనుక ఐతిహ్యాన్ని ఐతిహ్యమని చెప్పియే, స్థానికుల గొంతులో ముందుగా వినిపించడం సమంజసం. కింగ్ ప్రస్తావన ఆ తరువాత రావచ్చు.